పరదేశంలో ఉంటూ పల్లెలో భాషా శిబిరం: సాధ్యాసాధ్యాలు

విదేశాలలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలలో అనేకులు తెలుగు వింటే గ్రహించగలరు గాని, తెలుగులో బదులు చెప్పలేరు. వారాంతపు తరగతులలో అక్షరాలు వస్తాయి, పద్యాలు కంఠస్థమవుతాయి. అయినను అవ్వ దగ్గర కూర్చుని పట్టుమని పది నిమిషాలు ముచ్చటించే చనువు మాత్రం అలవడదు. ఈ లోటు తీరాలంటే పిల్లలను సెలవులలో కొన్ని వారాల పాటు తెలుగు ఊరిలో ఉంచి, తిండి, ఆట, పని అన్నీ తెలుగులోనే సాగేటట్లు చూడాలన్న ఆలోచన తల్లిదండ్రులకు కలగడం సహజం. దానినే ఒక వ్యాపారంగా నడపాలన్న తలంపు మరికొందరికి కలుగుతుంది. స్వగ్రామంలో పూర్వుల ఇల్లు ఖాళీగా ఉన్నది, బంధువులున్నారు, విదేశంలో ఫీజు చెల్లించగల కుటుంబాల పరిచయమున్నది. అక్కడి ఉద్యోగం మానకుండా ఇక్కడ శిబిరం నడపవచ్చునా అన్నది వారి ప్రశ్న.

హోసూరు, బళ్లారి, రాయచూరు, రాయగడ, బరంపురం, సిరొంచ, యానాం ప్రాంతాల కుటుంబాలకు కూడా ఈ ప్రశ్నతో సంబంధమున్నది. అటువంటి శిబిరం ఏర్పడినప్పుడు అతిథులకు అన్నం పెట్టి, పక్క వేయవలసినది ఊరివారే. కనుక ఇతర దేశాలలో ఇటువంటి ఏర్పాట్లు ఎలా నడిచాయో, వాటిలో ఎవరికి ఏమి దక్కిందో ముందుగా తెలిసికొనుట మేలు.

భాషా నివాస శిబిరమంటే ఏమిటి?

సాధారణ భాషా తరగతిలో నేర్చుకొనేవాడు రోజుకొక గంట ఆ భాషను వింటాడు, మిగిలిన సమయమంతా తన అలవాటు భాషలో గడుపుతాడు. నివాస శిబిరంలో ఈ క్రమం తలక్రిందులవుతుంది. నిద్ర లేచినది మొదలు పడుకొనే వరకు అవసరాలన్నీ ఆ భాషలోనే తీర్చుకోవాలి. నీళ్లు కావాలన్నా, కూరలో కారం ఎక్కువైనదని చెప్పాలన్నా, ఆటలో అన్యాయం జరిగిందని వాదించాలన్నా ఆ భాష ఒక్కటే దారి. ఇక్కడ పాఠం చెప్పే గురువు కంటె పాఠం చెప్పని మనుషుల పాత్ర పెద్దది. అందువల్ల శిబిరానికి అసలైన మూలధనం భవనం కాదు, ఆ భాషలో దినమంతా గడిపే ఊరు.

వేల్స్‌లో పాడుబడిన ఊరు

ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో కలదు. వాయవ్య వేల్స్‌లో లీన్ ద్వీపకల్పపు సముద్రతీరాన, నిట్టనిలువు కొండ దిగువన నాంట్ గుర్‌థెయిర్న్ అనే చిన్న లోయ ఉన్నది. 19వ శతాబ్దంలో గ్రానైటు క్వారీ కార్మికుల కోసం అక్కడొక ఊరు కట్టారు. 20వ శతాబ్దపు మధ్యకాలానికి క్వారీలు మూతపడ్డాయి, కుటుంబాలు ఒక్కొక్కటిగా వెళ్లిపోయాయి, 1950ల చివరికి ఊరు శూన్యమైంది.

ఆ లోయకు సమీపంలోని లానెల్‌హయర్న్ గ్రామానికి కార్ల్ క్లోవ్స్ అనే వైద్యుడు 1970 ప్రాంతంలో వచ్చి స్థిరపడ్డాడు. ఆయన ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో పెరిగి, పెద్దయిన తరువాత వెల్ష్ భాష నేర్చుకున్నవాడు. ఆ గ్రామంలో చిన్న బడి మూతపడే స్థితిలో ఉండేది, యువకులకు పని లేదు. గ్రామస్థులతో కలిసి బడిని నిలబెట్టే ప్రయత్నం చేశాడు. 1974లో అక్కడొక గ్రామ సహకార సంఘం ఏర్పడింది. ఆ తరువాతనే పాడుబడిన లోయ వైపు దృష్టి మళ్లింది. 1967 నాటి వెల్ష్ భాషా చట్టం తరువాత ప్రభుత్వ కార్యాలయాలలో వెల్ష్ తెలిసినవారి అవసరం పెరుగుతూ వచ్చింది. నేర్చుకోగోరే పెద్దలకు కొన్ని రోజులు ఆ భాషలోనే గడిపే చోటు ఉంటే, ఉపాధి లేని ప్రాంతంలో ఉపాధి కూడా కలుగుతుందని ఆయన తలపోశాడు.

1978లో ఒక ధర్మకర్తల సంస్థ ఆ ఊరిని 25,000 పౌండ్లకు కొన్నది. పైకప్పులు కూలిన ఇళ్లను విరాళాలతోను, స్వచ్ఛంద శ్రమతోను ఒక్కొక్కటిగా బాగు చేశారు. 1982లో మొదటి తరగతులు ఆరంభమయ్యాయి. నాలుగు దశాబ్దాల తరువాత కూడా ఆ కేంద్రం నడుస్తున్నది. క్లోవ్స్ 2021లో మరణించాడు.

ఈ కథలో గమనించవలసిన అంశాలు మూడు. మొదటిది, బయటి నుండి వచ్చినవాడు ముందు ఆ ఊరి మనిషిగా స్థిరపడి, ఊరి అవసరం తెలుసుకొని, ఆ తరువాతనే శిబిరం తలపెట్టాడు. రెండవది, ఆస్తి ఒక వ్యక్తి పేర గాక సంస్థ పేర ఉన్నది. కనుకనే ఆయన కాలం చేసిన తరువాత కూడా పని ఆగలేదు. మూడవది, భాషా తరగతుల ఫీజు మీదనే ఆ కేంద్రం ఆధారపడలేదు. అదే చోట వివాహాలు జరుపుకొనుటకు, సెలవులకు ఇళ్లు అద్దెకు తీసుకొనుటకు, భోజనశాలకు వచ్చేవారి వల్ల కూడా రాబడి ఉన్నది. తరగతులు లేని నెలలలో జీతాలు చెల్లించవలసినవారికి ఇది తెలిసి ఉండవలసిన విషయం.

ఐర్లాండు ఇళ్ల పద్ధతి

ఐర్లాండులో మరొక పద్ధతి నూరేళ్లకు పైగా సాగుతున్నది. ఆ దేశపు పశ్చిమ తీరాన, మరికొన్ని చోట్ల ఐరిష్ నిత్యవ్యవహారంలో మిగిలిన పల్లెలు ఉన్నాయి. కార్క్ జిల్లాలోని బాలింగారీలో 1904లో తొలి వేసవి భాషా కళాశాల ఆరంభమైంది. ఇప్పుడు ప్రతి వేసవిలోను పట్టణపు పిల్లలు వేల సంఖ్యలో ఆ పల్లెలకు వెళ్లి, సాధారణంగా మూడు వారాలు గడుపుతారు. ఉదయం తరగతులు, మధ్యాహ్నం ఆటలు, రాత్రి పాటలు, నృత్యాలు ఉంటాయి. పడక, భోజనం మాత్రం గ్రామస్థుల ఇళ్లలోనే. ఆ ఇంటి ఇల్లాలే అక్కడి పిల్లలకు పెద్దదిక్కు. ఇంగ్లీషులో మాట్లాడుతూ పదే పదే పట్టుబడిన పిల్లలను ఇంటికి పంపివేసే నియమం అక్కడ అందరికీ తెలిసినదే.

ఆ ఇళ్లకు పిల్లవాడొక్కంటికి, రోజొక్కంటికి ఇంత అని ప్రభుత్వం సహాయధనం చెల్లిస్తుంది. ఇంటిలో ఐరిష్ వాడుకలో ఉన్నదని, వసతి సరిగా ఉన్నదని పరిశీలించిన తరువాతనే ఆ అర్హత లభిస్తుంది. మాతృభాష మాట్లాడే ఇల్లు కావడమే రాబడికి అర్హత కావడం ఇక్కడి విశేషం. కోవిడ్ కారణంగా 2020, 2021 వేసవులలో ఈ శిబిరాలు జరగలేదు. ఆ తరువాత మళ్లీ తలుపులు తెరవని ఇళ్లు అనేకం. పిల్లలు సిద్ధంగా ఉన్నా దించుకొనే ఇళ్లు చాలక కళాశాలలు ఇబ్బంది పడ్డాయి. ఇంటి ఇల్లాలు వద్దనుకుంటే శిబిరమే లేదని దీనివల్ల స్పష్టమైంది.

ఊరు లేనిచోట కూడా శిబిరాలు ఉన్నాయి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో కాంకార్డియా కళాశాల 1961లో జర్మన్ భాషతో ఒక బాలల శిబిరం ఆరంభించి, క్రమంగా అనేక భాషలకు విస్తరించింది. అక్కడ అడుగుపెట్టిన పిల్లవాడికి ఆ భాషలో కొత్త పేరు పెడతారు, ఆ దేశపు నాణేలతో దుకాణంలో కొనిపిస్తారు. లేని ఊరిని ఇలా కల్పించుటకు శిక్షణ పొందిన సిబ్బంది ఎందరో కావాలి. స్పెయిన్‌లోని సోరియా ప్రాంతంలో, జనం వదలి వెళ్లిన వాల్డెలావిల్యా అనే పల్లెలో 2001లో ఇంగ్లీషు శిబిరం మొదలైంది. నేర్చుకొనే స్పెయిన్ దేశస్థులు ఫీజు చెల్లించారు. వారితో మాట్లాడుటకు వచ్చిన ఇంగ్లీషువారికి జీతం లేదు, వసతి భోజనాలు ఉచితం. రెండు చోట్లా నిర్వాహకులు బయటి నుండి తెచ్చుకొనవలసి వచ్చినది మాట్లాడే మనుషులనే. సరిహద్దు తెలుగు పల్లెలో వారు సహజంగానే ఉన్నారు. అయితే ఆ మాటలకు వెల కట్టకుండా ఇంటి అద్దె మాత్రమే లెక్కించే నిర్వాహకుడు ఊరికి అన్యాయం చేసినవాడవుతాడు.

దూరం నుండి సాధ్యమైనవి, కానివి

విదేశంలో ఉన్న వ్యక్తి చేయగల పనులు కొన్ని ఉన్నాయి. పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడి నమ్మకం కలిగించుట, ఫీజు వసూలు, ప్రయాణ ఏర్పాట్లు, శిబిరానికి ముందు ఫోను ద్వారా నెల రోజులు చిన్న మాటలు నేర్పించుట, పిల్లవాడికి ఎంత తెలుగు వచ్చునో తెలిసికొనుట, జమాఖర్చులు వ్రాయుట అతడు అక్కడి నుండే చేయగలడు. నిజానికి ఈ పనులు ఊరిలో ఉన్నవారి కంటె అతడే బాగా చేయగలడు.

చేయలేనివి వేరు. అర్ధరాత్రి జ్వరం వచ్చిన పిల్లవాడిని ఆసుపత్రికి తీసుకొనిపోవుట, రెండు ఇళ్ల మధ్య వచ్చిన మాటపట్టింపు సర్దుట, బావి దగ్గరకు ఒంటరిగా వెళ్లిన పిల్లను వెనుకకు పిలుచుట సముద్రాల ఆవల నుండి జరిగే పనులు కావు. కనుక శిబిర కాలమంతా ఊరిలోనే ఉండి, నిర్ణయం తీసుకొనే అధికారం, ఖర్చు చేసే అధికారం ఉన్న ఒక బాధ్యుడు ఉండి తీరాలి. ప్రతి చిన్న ఖర్చుకు విదేశానికి ఫోను చేసి అనుమతి అడగవలసిన బంధువు ఆ బాధ్యత మోయలేడు.

కాలము, దినచర్య

అమెరికాలో బడి సెలవులు జూన్ నుండి ఆగస్టు వరకు, గల్ఫ్ దేశాలలో ముఖ్యంగా జూలై, ఆగస్టులలో వస్తాయి. మన పల్లె పిల్లలకు సెలవులు ఏప్రిల్, మే నెలలలో. విదేశపు పిల్లలు దిగేసరికి ఊరి పిల్లలు బడులకు వెళ్లిపోతారు. ఇది గమనించకుండా కార్యక్రమం వేసినవారికి పగటి పూట ఆడుకొనుటకు తోడు దొరకదు. అప్పుడు వచ్చిన పిల్లలు తమలో తాము ఇంగ్లీషులో మాట్లాడుకుంటూ కూర్చుంటారు, శిబిరం ఉద్దేశమే చెడుతుంది.

అందువల్ల పగలు పెద్దల దగ్గర పని, సాయంత్రం పిల్లలతో ఆట అన్న క్రమం మంచిది. ఉదయం ఒక గంటన్నర చదువు, వ్రాత. తరువాత ఇద్దరిద్దరుగా విడిపోయి వంటింటిలోనో, పశువుల కొట్టంలోనో, మగ్గం దగ్గరనో, అంగడిలోనో చేయగలిగిన పని. విదేశపు పిల్లలను గుంపుగా ఒకే ఇంటిలో దించరాదు, ఇంటికి ఇద్దరికి మించకూడదు. సాయంత్రం బడి వదిలిన తరువాత రెండు గంటలు ఊరి పిల్లలతో ఆటలు. రాత్రి భోజనమైన తరువాత కథ.

భాషా నియమం కచ్చితంగా ఉండాలి గాని క్రూరంగా ఉండరాదు. నొప్పి, భయం, అనారోగ్యం, ఇంటి మీద బెంగ, ఎవరైనా తప్పుగా ప్రవర్తించారన్న ఫిర్యాదు, ఇవి ఏ భాషలోనైనా చెప్పవచ్చునని మొదటి రోజునే తెలియజేయాలి. మిగిలినవన్నీ తెలుగులోనే. పిల్లవాడు తడబడినప్పుడు ఇంటివారు జాలిపడి ఇంగ్లీషులో అందించకుండా, కొద్దిసేపు ఓపిక పట్టడం కూడా ఒక శిక్షణే. ఊరి పిల్లలు తమ ఇంగ్లీషును పరీక్షించుకోవాలని ఉబలాటపడతారు. వారికి కూడా ముందుగా నచ్చజెప్పాలి.

తరగతిలో దొరకని సంగతులు ఇక్కడ దొరుకుతాయి. ఎవరిని నువ్వు అనాలి, ఎవరిని మీరు అనాలి, ఎవరు అత్త, ఎవరు పిన్ని, ఎవరిని తాత అని పిలిస్తే సంతోషిస్తారు అన్నది పట్టిక చూసి నేర్చుకొనే విద్య కాదు. ప్రతి గడప దగ్గర తడుముకొని, సరిదిద్దించుకొని, అలవరచుకొనే విద్య.

చట్టం, అనుమతులు

విదేశాలలో నివసించే భారతీయులు, విదేశీ పౌరసత్వం తీసుకొని ఓ.సి.ఐ. కార్డు పొందినవారు మన దేశంలో ఇల్లు గాని, వాణిజ్య భవనం గాని కొనవచ్చును. వ్యవసాయ భూమి, తోటలు, ఫాం హౌసులు కొనరాదు. వారసత్వంగా సంక్రమించినది ఉంచుకోవచ్చును. కనుక పొలం కొని అందులో కుటీరాలు కట్టించే పథకం మొదటి అడుగులోనే ఆగిపోతుంది. బంధువు పేర భూమి కొని నడపడం బినామీ వ్యవహారమై చిక్కులు తెస్తుంది.

ఓ.సి.ఐ. కార్డు ఉన్న పిల్లలకు వీసా అవసరం లేదు. పర్యాటక వీసాపై వచ్చేవారు ఆరు నెలలు మించని, పట్టా ఇవ్వని, లాంఛనప్రాయమైన చదువు కాని స్థానిక భాషా తరగతులలో చేరుటకు నిబంధనలు అనుమతిస్తాయి. యోగ్యతా పత్రాలు ఇస్తామని ప్రకటించే శిబిరం అక్కడే పొరపాటు చేసినదవుతుంది. విదేశీ పౌరసత్వమున్న అతిథిని దించుకొన్న ఇంటివారు 24 గంటలలోగా అధికారులకు తెలియజేయాలి. ఈ బాధ్యత ఇల్లు ఇచ్చినవారిది కనుక, ఆ సమాచారం ఎవరు పంపుతారో ముందే తేల్చుకోవాలి.

ఆహారం వండి డబ్బు తీసుకొనే ఏర్పాటుకు ఆహార భద్రతా సంస్థ వద్ద నమోదు అవసరం. ఏడాది రాబడి 20 లక్షల రూపాయలు దాటితే జి.ఎస్.టి. నమోదు చేయించాలి. బాలల రక్షణకు 2012 నాటి పోక్సో చట్టం దేశమంతటా వర్తిస్తుంది. నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోవడం కూడా ఆ చట్టం క్రింద నేరమే. తమిళనాడులో స్త్రీలు, బాలలు బస చేసే వసతి గృహాలకు 2014 నాటి ప్రత్యేక చట్టం కలదు. ఏ రాష్ట్రంలో ఊరు ఉన్నదో ఆ రాష్ట్రపు నియమాలను జిల్లా కార్యాలయంలో విచారించుకొనుట తప్పదు. పక్క రాష్ట్రంలో చెల్లిన పద్ధతి ఇక్కడ చెల్లకపోవచ్చును.

ఒక నమూనా లెక్క

ఊహకు అందుటకై ఒక లెక్క చూడవచ్చును. ఇందులోని ధరలు నమూనాకు తీసుకున్నవే. 12 మంది పిల్లలు, 14 రోజులు, ఒక్కొక్కరికి 35,000 రూపాయల ఫీజు అనుకుంటే రాబడి 4,20,000. ఇంటివారికి పిల్లవాడొక్కంటికి రోజుకు 900 చొప్పున 1,51,200. ముగ్గురు ఉపాధ్యాయులకు రోజుకు 1,500 చొప్పున 63,000. ఊరిలోని బాధ్యుడికి 40,000. పని నేర్పేవారికి, కథ చెప్పేవారికి 19,600. వాహనానికి 25,000. పుస్తకాలకు 12,000. వైద్యం, బీమాకు 18,000. ప్రకటనలకు, ఫోనుకు, లెక్కలకు 20,000. మొత్తం ఖర్చు 3,48,800. మిగులు 71,200.

ఇద్దరు పిల్లలు రాకపోతే మిగులు 26,400కు పడిపోతుంది. నలుగురు రాకపోతే 18,400 నష్టం. పిల్లలు తగ్గినంత మాత్రాన ఉపాధ్యాయుల జీతం, వాహనం, బాధ్యుడి జీతం తగ్గవు కదా! ఈ లెక్క ప్రకారం 9 మంది వస్తేనే ఖర్చు గిట్టుతుంది. నష్టం వచ్చినప్పుడు నిర్వాహకుని చూపు మొదట పడేది ఇంటివారికిచ్చే సొమ్ము మీదనే, ఎందుకంటే అదే అన్నిటికంటె పెద్ద పద్దు. అందుచేత ఎంతమంది వచ్చినా, రాకపోయినా ఇంటివారికి కనీసం ఇంత అని వ్రాతపూర్వకమైన ఒప్పందం, సగం సొమ్ము ముందుగా చెల్లింపు ఉండాలి.

ఊరి తెలుగు, ఊరి పిల్లలు

సరిహద్దు పల్లె తెలుగులో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో కలిసి ఉంటుంది. విదేశం నుండి వచ్చిన తల్లిదండ్రులు కొందరు ఇది శుద్ధమైన తెలుగు కాదని అనవచ్చును. ఆ మాటకు ఇంటివారు చిన్నబోవలసిన పని లేదు. పిల్లవాడు మొదట నేర్చుకోవలసినది బ్రతికే మాట. పుస్తకపు తెలుగు ఉదయపు తరగతిలో చెప్పుకోవచ్చును. ఈ సంగతి శిబిరపు ప్రకటనలోనే స్పష్టం చేస్తే తరువాత మాట రాదు.

ఇంతకంటె ముఖ్యమైనది ఊరి పిల్లల సంగతి. ఇంటిలో తెలుగు ధారాళంగా మాట్లాడుతూ, బడిలో రాష్ట్రభాషలోనో ఇంగ్లీషులోనో చదువుకొని, తెలుగు అక్షరం గుర్తించలేని పిల్లలు సరిహద్దు జిల్లాలలో అనేకులు. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని తప్పనిసరి పాఠ్యభాషగా చేసిన తరువాత తెలుగు మాధ్యమ పాఠశాలల కుటుంబాలకు ఈ చింత మరింత పెరిగింది. రాష్ట్రభాష నేర్చుకొనుట పిల్లల భవిష్యత్తుకు అవసరమే. దానితో పాటు తెలుగు వ్రాత నిలుపుకొనుటకు చోటు కావాలి. విదేశపు పిల్లలకు మాట రాదు, అక్షరం వచ్చు. ఊరి పిల్లలకు మాట వచ్చు, అక్షరం రాదు. ఇద్దరినీ సాయంత్రం ఒక గంట ఒకే చాప మీద కూర్చోబెడితే ఒకరికొకరు గురువులవుతారు. అందుకు ఊరి పిల్లల వద్ద ఫీజు తీసుకొనరాదు. ఆ ఖర్చు శిబిరం ఫీజులోనే కలిసి ఉండాలి. శిబిరం ముగిసిన తరువాత పుస్తకాలు ఊరి గ్రంథాలయానికో, బడికో మిగలాలి.

ఇల్లు ఇచ్చే ముందు అడగవలసినవి

ఎవరైనా ఇటువంటి ప్రతిపాదనతో వచ్చినప్పుడు కుటుంబాలు ఈ ప్రశ్నలు అడగడం న్యాయం. శిబిర కాలంలో ఊరిలో ఉండే బాధ్యుడెవరు, అతనికి ఖర్చు చేసే అధికారమున్నదా? ఇంటికి చెల్లించే సొమ్ము ఎంత, ఎప్పుడు? పిల్లలు తగ్గితే కనీస మొత్తమెంత? పిల్లవాడు జబ్బుపడితే వైద్యం ఖర్చు ఎవరిది? విదేశీ అతిథుల సమాచారం అధికారులకు ఎవరు పంపుతారు? ఆడపిల్లల వసతికి వేరు ఏర్పాటున్నదా? ఇంటివారి ఫోటోలు ప్రకటనలలో వాడుకొనుటకు అనుమతి అడుగుతారా? మన పిల్లలకు చదువు గంట ఉన్నదా?

వీటికి కాగితం మీద జవాబులిచ్చిన నిర్వాహకుడు విదేశంలో ఉన్నా ఆ పని నడుస్తుంది. మొదటి ఏడాది నలుగురు పిల్లలతో, పది రోజులతో ఆరంభించి, నష్టం వస్తే తానే భరించి, ఇళ్లవారి అభిప్రాయం తెలిసికొని రెండవ ఏడాది పెంచుట వివేకం. మన ఊళ్లలో ఇళ్లు ఖాళీ కాలేదు, వాకిళ్లలో తెలుగు ఇంకా వినబడుతున్నది. ఆ మాటకు తగిన వెల, తగిన మర్యాద రెండూ ఊరికి దక్కే విధంగా ఒప్పందం కుదుర్చుకొనుట కుటుంబాల చేతిలోని పని.